చేతి మీద కాటు గాయాలు: చార్ట్ తెరిచిన దగ్గర్నుంచి క్లెయిమ్ పంపేదాకా

"కుక్క కాటు, చెయ్యి. దీనికి కోడ్ ఏంటండీ?" ఎమర్జెన్సీ చార్టులు కొత్తగా చేతికొచ్చిన కోడర్లు (వైద్య రికార్డులను బిల్లింగ్ కోడ్‌లుగా మార్చేవాళ్లు) ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. అడిగిన ప్రతిసారీ నేను ఎదురు ప్రశ్నలు వేస్తాను. ఏ చెయ్యి? చెయ్యా, వేలా? గోరు బాగానే ఉందా? పన్ను చర్మం దాటి దిగిందా? లోపల ఏమైనా తెగిందా? డాక్టర్ కుట్లు వేశారా, తెరిచే వదిలేశారా? ఇవన్నీ తేలకుండా కోడ్ చెప్పడమంటే ఊహించడమే.

నేను చూసిన ఆడిట్లలో ఈ చార్టుల తప్పులు కోడ్ తెలియక వచ్చినవి తక్కువ. "బైట్" అన్న మాట కంటపడగానే సెర్చ్ బాక్సులోకి పరుగెత్తడం వల్ల వచ్చినవే ఎక్కువ. అందుకే ఇక్కడ చార్ట్ చదవడానికి ఎక్కువ చోటు ఇచ్చాను.

ఇదంతా అమెరికా చార్టులకు వాడే ఐసీడీ-10-సీఎం (రోగం, గాయం, కారణం కోడ్‌లు), సీపీటీ (చేసిన చికిత్స కోడ్‌లు) లెక్క. ఎమర్జెన్సీ, అవుట్‌పేషెంట్ విజిట్లను దృష్టిలో పెట్టుకుని రాశాను. కోడ్‌లలోని అక్షరాలను తెలుగులో రాశాను. ఎస్61, డబ్ల్యూ54 అని చదివి సాఫ్ట్‌వేర్‌లో మామూలుగానే కొట్టుకోండి.

1. ముందు బల్ల మీద ఉండాల్సినవి

- సర్వీస్ తేదీకి సరిపోయే కోడ్ పుస్తకం లేదా ఎన్‌కోడర్ (కోడ్‌లు వెతికే సాఫ్ట్‌వేర్) వెర్షన్. ఐసీడీ కోడ్‌లు ప్రధానంగా అక్టోబర్ 1న, సీపీటీ కోడ్‌లు ప్రధానంగా జనవరి 1న మారతాయి. చూసుకోవాల్సింది పేషెంట్ వచ్చిన తేదీని, మీరు కోడ్ చేస్తున్న తేదీని కాదు.
- ట్రయాజ్ నోట్ (పేషెంట్ రాగానే నర్సు రాసేది), డాక్టర్ నోట్, ప్రొసీజర్ నోట్, మందులు ఇచ్చిన రికార్డ్, ఎక్స్‌రే రిపోర్ట్, డిశ్చార్జ్ కాగితం. ఇందులో ఒకటి లేకపోతే అది వచ్చేదాకా చార్టును హోల్డ్‌లో పెట్టండి.
- ఒక తెల్ల కాగితం, పెన్ను.

కాగితం ఎందుకంటారా? మీ ఎడమచేతిని దాని మీద బోర్లా పెట్టి చుట్టూ గీత గీయండి. బొటనవేలు కుడివైపుకి వస్తుంది. అదే పేషెంట్ ఎడమచెయ్యి. పక్కన ఇంకో కాగితం మీద కుడిచెయ్యి గీయండి. చార్టులో గాయం కనిపించినప్పుడల్లా ఈ బొమ్మ మీద చుక్క పెట్టి, పక్కన పొడవు రాయండి.

చిన్నపిల్లల పనిలా ఉందని నవ్వుకోవచ్చు. నేనూ నవ్వాను. ఒక చార్టులో ట్రయాజ్ నర్సు కుడి అని, డాక్టర్ పరీక్షలో ఎడమ అని, ప్రొసీజర్ నోటులోనూ ఎడమ అని రాశారు. నేను మొదట చదివిన "కుడి" బుర్రలో అలాగే ఉండిపోయి కుడిచేతి కోడ్ వేసేశాను. ఆడిట్‌లో దొరికింది. చుక్కలు పెట్టే అలవాటు ఉండుంటే రెండు బొమ్మల మీదా ఒకే గాయం కనిపించి అక్కడే ఆగేవాణ్ణి.

2. చార్ట్ చదివే వరుస

పై నుంచి కిందికి చదవకండి. ఈ వరుసలో వెళ్లండి:

1. ముందు డాక్టర్ పరీక్ష భాగం. గాయం ఎక్కడ, ఎంత పొడవు, ఎంత లోతు.
2. తర్వాత ప్రొసీజర్ నోట్. గాయాన్ని కడిగి, తెరిచి చూసింది అప్పుడే కాబట్టి టెండన్ (కండను ఎముకకు కలిపే తాడు లాంటిది), ఎముక, కీలు సంగతి ఇక్కడే తేలుతుంది.
3. ఎక్స్‌రే రిపోర్ట్. ఎముక విరిగిందా, లోపల పన్ను ముక్క ఉండిపోయిందా.
4. ఆ తర్వాతే పేషెంట్ చెప్పిన కథ. ఏ జంతువు, ఎక్కడ, ఏం చేస్తుండగా.
5. మందుల రికార్డ్. ఏ టీకా, ఎంత డోసు, ఎక్కడ ఇచ్చారు.
6. చివరగా డాక్టర్ రాసిన డయాగ్నోసిస్.

డయాగ్నోసిస్‌ని చివర ఎందుకు పెట్టానంటే, అక్కడ "డాగ్ బైట్ హ్యాండ్" అని డ్రాప్‌డౌన్‌లోంచి తీసుకున్న మాట ఒక్కటే ఉంటుంది. గాయం చూపుడువేలి మీద ఉన్నా అదే మాట ఉంటుంది. దాన్ని ముందు చదివితే మిగతా చార్ట్ అంతా "హ్యాండ్" లాగే కనిపిస్తుంది.

3. చోటు తేల్చడం

ఎస్61 వర్గంలో చేతిని నాలుగు చోట్లుగా విడదీశారు: బొటనవేలు, మిగతా వేళ్లు, చెయ్యి, మణికట్టు. అరచెయ్యి, చేతి వెనకభాగం రెండూ "చెయ్యి" కిందికే వస్తాయి. వేళ్లకు, బొటనవేలికి మాత్రం గోరు దెబ్బతిన్నదా లేదా అన్న ఇంకో విభజన ఉంది.

తెరుచుకున్న కాటు గాయానికి కోడ్‌ల మొదళ్లు ఇవి:

- బొటనవేలు, గోరు బాగుంటే: ఎస్61.05
- బొటనవేలు, గోరు దెబ్బతింటే: ఎస్61.15
- వేరే వేలు, గోరు బాగుంటే: ఎస్61.25
- వేరే వేలు, గోరు దెబ్బతింటే: ఎస్61.35
- చెయ్యి: ఎస్61.45
- మణికట్టు: ఎస్61.55

తర్వాత వచ్చే ఆరో అంకె దగ్గర చాలామంది బోల్తా పడతారు. బొటనవేలు, చెయ్యి, మణికట్టుకి 1 అంటే కుడి, 2 అంటే ఎడమ, 9 అంటే ఏదో తెలియదు. మిగతా వేళ్లకు లెక్క వేరు. 0 కుడి చూపుడువేలు, 1 ఎడమ చూపుడువేలు, 2 కుడి మధ్యవేలు, 3 ఎడమ మధ్యవేలు, 4 కుడి ఉంగరంవేలు, 5 ఎడమ ఉంగరంవేలు, 6 కుడి చిటికెనవేలు, 7 ఎడమ చిటికెనవేలు. అంటే వేళ్లలో సరి అంకె కుడి, బేసి అంకె ఎడమ.

చేతికి 1 అంటే కుడి, వేలికి 1 అంటే ఎడమ. ఇది మానిటర్ అంచున స్టిక్కర్ మీద రాసి అంటించుకోండి.

వేళ్ల లెక్కలో ఇంకో ఉచ్చు ఉంది. "థర్డ్ డిజిట్" అని రాస్తే బొటనవేలిని ఒకటిగా లెక్కపెట్టి మధ్యవేలు అంటాం. "థర్డ్ ఫింగర్" అని రాస్తే కొందరు డాక్టర్ల లెక్కలో ఉంగరంవేలు అవుతుంది. చార్టులో ఇంకెక్కడైనా "మిడిల్" అనో "రింగ్" అనో ఉందేమో వెతకండి. లేకపోతే క్వెరీ (వివరం కోరుతూ డాక్టర్‌కి రాసే ప్రశ్న) పెట్టండి.

"నకిల్" అన్న మాటా ఇలాంటిదే. వేలు మొదట్లో, పిడికిలి బిగిస్తే పైకి లేచే కణుపు చేతి భాగం. వేలి మధ్యలో ఉండేది వేలి భాగం. ఎంసీపీ (వేలు మొదట్లో కీలు) అనో పీఐపీ (వేలి మధ్య కీలు) అనో పేరు రాస్తే సందేహం ఉండదు.

కుడి ఎడమల విషయంలో గైడ్‌లైన్స్ కొంచెం వెసులుబాటు ఇచ్చాయి. డాక్టర్ ఏ వైపో రాయకపోతే నర్సు లాంటి ఇతర క్లినీషియన్ల నోట్ ఆధారంగా వైపు వేయొచ్చు. నోట్స్ ఒకదానికొకటి పొసగకపోతే మాత్రం డాక్టర్‌నే అడగాలి.

4. లోతు తేల్చడం

చర్మం పైన గీసుకుపోయి పంటి గుర్తులు మాత్రమే పడితే అది పైపై కాటు. దానికి ఎస్60 వర్గం: బొటనవేలికి ఎస్60.37, వేళ్లకు ఎస్60.47, చేతికి ఎస్60.57, మణికట్టుకి ఎస్60.87. చర్మం తెగితే లేదా పన్ను దిగితే ఎస్61.

డాక్టర్ లోతు ఏమీ చెప్పకుండా "చేతికి కాటు" అని మాత్రమే రాస్తే? ట్యాబులర్‌లో (కోడ్‌ల వరుస జాబితాలో) ఎస్61.45 కింద "బైట్ ఆఫ్ హ్యాండ్ ఎన్‌ఓఎస్" అని రాసి ఉంది. అంటే వివరం లేని కాటు తెరుచుకున్న గాయం కిందికే పోతుంది. అలాగని దాన్ని సాకుగా వాడుకోకండి. పరీక్ష భాగంలో "స్కిన్ ఇంటాక్ట్" అని ఉంటే ఎస్61 వేయడం తప్పే.

ఒకే చోట పైపై గీతలూ లోతు గాయమూ రెండూ ఉంటే లోతు గాయానికే కోడ్ వేస్తాం. ఒకే వేలి మీద నాలుగు పంటి గాట్లున్నా కోడ్ ఒక్కసారే.

కాటును లాసరేషన్ (చీలిక) లేదా పంక్చర్ (గుచ్చుకున్న గాయం) కోడ్‌తో వేయడం పాత అలవాటున్నవాళ్లు చేసే తప్పు. పిల్లి కాటు చూడ్డానికి సూది గుచ్చినట్టే ఉంటుంది, డాక్టర్ కూడా "పంక్చర్" అనే రాస్తారు. అయినా అది కాటే. ఇండెక్స్‌లో (అక్షరక్రమ పట్టికలో) "బైట్" కింద చోటు వెతికి, ట్యాబులర్‌లో సరిచూసుకోండి. గోళ్లతో గీరితే మాత్రం కాటు కాదు. పిల్లి గీరిందా కరిచిందా అన్నదాన్ని బట్టి గాయం కోడ్, కారణం కోడ్ రెండూ మారతాయి.

విషపు పాము, తేలు లాంటివి ఈ దారిలోకి రావు. వాటికి టీ63 ఉంది.

5. ఏడో అక్షరం

ఎ అంటే మొదటి విజిట్ అని కాదు, చికిత్స ఇంకా చురుగ్గా నడుస్తోందని. కాటు పడి మూడు రోజులయ్యాక చీము పట్టి మొదటిసారి వచ్చినా ఎ. వేరే డాక్టర్ దగ్గరికి పంపితే అక్కడ గాయం తెరిచి శుభ్రం చేసినా ఎ. గాయం మానుతుండగా చూపించుకోవడానికి, కుట్లు విప్పించుకోవడానికి వస్తే డి. మానిపోయాక మిగిలిన మచ్చ, బిగుసుకుపోయిన వేలు లాంటి సమస్యకైతే ఆ సమస్య కోడ్ ముందు, గాయం కోడ్ చివర ఎస్‌తో తర్వాత.

6. లోపల తెగినవీ, పట్టిన ఇన్ఫెక్షనూ

చేతిలో చర్మానికీ టెండన్‌కీ మధ్య పెద్దగా కండ ఉండదు. పన్ను కొద్దిగా దిగినా టెండన్, నరం, కీలు తగులుతాయి. అందుకే చేతి కాటు చార్టులో ఒక్క ఎస్61 కోడ్ మాత్రమే కనిపిస్తే నేను ప్రొసీజర్ నోట్ రెండోసారి చదువుతాను.

- టెండన్, కండరం: ఎస్66. వేలిని చాపే టెండన్ తెగితే ఎస్66.32. ఇక్కడా సరి బేసి లెక్కే. దీనితోపాటు తెరుచుకున్న గాయం కోడ్ కూడా వేయాలి.
- నరం: ఎస్64. రక్తనాళం: ఎస్65. అసలు దెబ్బ నరానికో నాళానికో అయితే అదే ముందు. వాటికి చిన్న దెబ్బే తగిలి అసలు గాయం వేరే అయితే ఇవి తర్వాత.
- ఎముక విరిగి గాయం తెరుచుకుని ఉంటే: ఎస్62, ఏడో అక్షరం బి. అదే చోట ఎస్61 వేయకూడదు, ఎక్స్‌క్లూడ్స్ 1 నోట్ (రెండూ కలిపి వేయొద్దని చెప్పేది) ఉంది.
- వేలి ముక్క తెగిపోతే: ఎస్68. దీనికీ అదే నియమం.
- పన్ను ముక్క లోపల ఉండిపోతే: జెడ్18.32.

ఇన్ఫెక్షన్ విషయానికొస్తే, ఎస్61 కింద "కోడ్ ఆల్సో" అని ఉంది. రెండూ వేయాలి, ఏది ముందన్నది ఆ విజిట్‌లో దేనికి ప్రధానంగా చికిత్స జరిగిందో దాన్ని బట్టి. వేలికి సెల్యులైటిస్ (చర్మం, దాని కింది పొరల ఇన్ఫెక్షన్) అయితే కుడి ఎల్03.011, ఎడమ ఎల్03.012. చేతికి అయితే ఇండెక్స్ మిమ్మల్ని పైఅవయవానికి పంపుతుంది: కుడి ఎల్03.113, ఎడమ ఎల్03.114. చేతి ఆబ్సెస్ (చీముగడ్డ) కుడికి ఎల్02.511, ఎడమకి ఎల్02.512. టెండన్ తొడుగులో ఇన్ఫెక్షన్ అయితే ఎం65.1, కీలులో చీము పడితే ఎం00.

డాక్టర్ "ఇన్ఫెక్టెడ్ డాగ్ బైట్" అని ఊరుకుంటే ఏ రకం ఇన్ఫెక్షనో అడగండి. ఎర్రగా ఉంది, వాచింది, వేడిగా ఉంది అన్న లక్షణాలు చూసి సెల్యులైటిస్ అని మనం నిర్ణయించకూడదు.

షుగర్, ప్లీహం తీసేసి ఉండటం, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు, రక్తం పలచబడే మందులు: ఇవి చికిత్స నిర్ణయాన్ని మార్చినట్టు నోటులో కనిపిస్తే వాటి కోడ్‌లూ వేయండి. విజిట్ లెవల్‌ని సమర్థించడానికి ఇవే అక్కరకొస్తాయి.

7. పిడికిలి గాయం: ఎక్కువమంది జారిపోయే చోటు

గొడవలో ఒకడు ఇంకొకడి మూతి మీద గుద్దాడు. గుద్దినవాడి పిడికిలి కణుపు ఎదుటివాడి పంటికి తగిలి చీరుకుంది. దీన్నే ఫైట్ బైట్ అంటారు. పేషెంట్ చాలాసార్లు నిజం చెప్పడు, "గోడకి కొట్టుకున్నాను" అంటాడు. గాయం చూస్తే సెంటీమీటర్ కూడా ఉండదు. కానీ పిడికిలి బిగించి ఉన్నప్పుడు తగిలిన దెబ్బ కాబట్టి, వేళ్లు చాపగానే టెండన్ వెనక్కి జారి, లోపలి చిల్లు బయటి గాయానికి ఎదురుగా కనిపించదు. డాక్టర్ పిడికిలి బిగింపించి మళ్లీ చూస్తేనే కీలు దాకా వెళ్లిందో లేదో తెలుస్తుంది. అలా చూశానని నోటులో రాయాలి.

కోడర్ చేయాల్సింది: డాక్టర్ "ఫైట్ బైట్" లేదా "హ్యూమన్ బైట్" అని రాస్తే కాటు కోడ్. "లాసరేషన్ ఓవర్ ఎంసీపీ" అని మాత్రమే రాసి, ట్రయాజ్‌లో గొడవ సంగతి ఉంటే కాటని మీరే అనుకోవద్దు, మామూలు లాసరేషన్ వేసి వదిలేయనూ వద్దు. క్వెరీ పెట్టండి. దాని సారాంశం ఇలా ఉండొచ్చు:

"కుడిచేతి మూడో ఎంసీపీ కీలు మీద 1 సెం.మీ. గాయం నమోదైంది. పేషెంట్ పిడికిలితో ఎదుటివ్యక్తి ముఖం మీద కొట్టినట్టు ట్రయాజ్ నోటులో ఉంది. గాయానికి కారణాన్ని మీ వైద్య నిర్ణయం ప్రకారం స్పష్టం చేయగలరు: పంటి వల్ల అయిన గాయం, పంటితో సంబంధం లేని చీలిక, ఇతరం, నిర్ధారించలేం."

ఇందులో మనకు కావాల్సిన జవాబు వైపు తోయడం లేదు చూడండి. "ఇది హ్యూమన్ బైట్ కదా, దయచేసి రాయండి" అని పంపితే అది క్వెరీ కాదు, జవాబు చెప్పించడం.

8. కరిచిందెవరు

కారణం కోడ్‌లు ఎప్పుడూ మొదటి స్థానంలో రావు. దేశమంతటికీ తప్పనిసరి అన్న నియమం లేదు. రాష్ట్రం లేదా పేయర్ (బిల్లు చెల్లించే ఇన్సూరెన్స్) అడిగితే తప్పనిసరి. నా మాటకొస్తే కాటు చార్టుకి ఎప్పుడూ వేస్తాను. లేకపోతే ప్రమాదానికి బాధ్యులెవరని పేయర్ నుంచి ప్రశ్నాపత్రం రావడం, క్లెయిమ్ అక్కడే ఆగిపోవడం మామూలే.

- కుక్క కరిస్తే: డబ్ల్యూ54.0ఎక్స్ఎక్స్ఎ
- పిల్లి కరిస్తే: డబ్ల్యూ55.01ఎక్స్ఎ. గీరితే: డబ్ల్యూ55.03ఎక్స్ఎ
- ఎలుక కరిస్తే: డబ్ల్యూ53.11ఎక్స్ఎ. ఉడుత: డబ్ల్యూ53.21ఎక్స్ఎ
- గుర్రం: డబ్ల్యూ55.11ఎక్స్ఎ. రకూన్: డబ్ల్యూ55.51ఎక్స్ఎ
- విడిగా కోడ్ లేని ఇతర క్షీరదం: డబ్ల్యూ55.81ఎక్స్ఎ
- మనిషి అనుకోకుండా కరిస్తే, లేదా ఎలాగో రాయకపోతే: డబ్ల్యూ50.3ఎక్స్ఎక్స్ఎ
- మనిషి దాడి చేసి కరిస్తే: వై04.1ఎక్స్ఎక్స్ఎ

మధ్యలో ఎక్స్‌లు ఎన్ని పడాలో లెక్క చూసుకోండి. డబ్ల్యూ54.0 కి రెండు, డబ్ల్యూ55.01 కి ఒకటి. ఏడో అక్షరం ఏడో స్థానంలోనే పడాలి, ఎక్స్‌లు ఆ ఖాళీ నింపడానికే.

చోటు చెప్పే వై92, పని చెప్పే వై93, స్థితి చెప్పే వై99 మొదటి విజిట్‌లో ఒక్కసారే. నోటులో వివరం లేకపోతే "తెలియదు" కోడ్ వేయకుండా వదిలేయండి. ఉద్యోగంలో ఉండగా కరిస్తే వై99.0 మర్చిపోవద్దు. అది వర్కర్స్ కంపెన్సేషన్ (పనిలో అయిన గాయాలకు పరిహారం) కేసు కావచ్చు, మామూలు ఇన్సూరెన్స్‌కి పంపితే తిరిగొస్తుంది.

9. రేబిస్, టెటనస్

రేబిస్ సోకే అవకాశం ఉందని డాక్టర్ రాస్తేనే జెడ్20.3. ప్రతి కుక్క కాటుకీ దీన్ని జోడించడం తప్పు. కుక్కకు టీకాలు వేశారు, పది రోజులు కనిపెట్టి చూస్తారు, రేబిస్ మందు అవసరం లేదు అని రాసి ఉంటే ఈ కోడ్ వేయకూడదు.

అంతకుముందు టీకా తీసుకోని, ఆరోగ్యంగా ఉన్న పేషెంట్‌కి అమెరికాలో టీకా నాలుగు డోసులు: 0, 3, 7, 14 రోజుల్లో. మొదటి రోజున ఇమ్యూన్ గ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీలు) కిలో బరువుకి 20 ఐయూ లెక్కన ఇస్తారు, వీలైనంత గాయం చుట్టూనే. కాబట్టి చార్టులో పేషెంట్ బరువు, ఇచ్చిన మొత్తం, గాయం చుట్టూ ఎంత, వేరేచోట ఎంత అన్నవి ఉండాలి.

- టీకా, కండలోకి ఇస్తే: 90675. ఇచ్చినందుకు 90471.
- ఇమ్యూన్ గ్లోబులిన్: ప్రొడక్ట్‌ని బట్టి 90375, 90376 లేదా 90377. ఇచ్చినందుకు 96372. దీనికి 90471 వేయడం తరచుగా కనిపించే తప్పు, ఎందుకంటే ఇది టీకా కాదు.
- డయాగ్నోసిస్ వైపు టీకాకి జెడ్23, ఇమ్యూన్ గ్లోబులిన్‌కి జెడ్29.14.
- టెటనస్ టీకాలు, టీడాప్: 90715. టీడీ: 90714.

టెటనస్ ఇంజెక్షన్‌ని జెడ్23 కి మాత్రమే లింక్ చేసి మెడికేర్‌కి (అమెరికా ప్రభుత్వ ఇన్సూరెన్స్‌కి) పంపితే ఇబ్బంది. అందులోని పార్ట్ బి (అవుట్‌పేషెంట్ ఖర్చులు చూసే భాగం) దాన్ని గాయం వల్ల ఇచ్చినప్పుడే కవర్ చేస్తుంది. గాయం కోడ్‌ని తప్పకుండా పాయింట్ చేయండి.

మూడో రోజు టీకా కోసం మాత్రమే వచ్చి నర్సు దగ్గర వేయించుకుని వెళ్తే విడిగా విజిట్ కోడ్ వేయొద్దు. అదే రోజు గాయం చూసి వేరే నిర్ణయం ఏదైనా తీసుకుంటేనే విజిట్ కోడ్, మోడిఫయర్ 25 తో (అదే రోజు విజిట్ విడిగా జరిగిందని చెప్పే గుర్తు).

10. ప్రొసీజర్ కోడ్‌లు

కాటు గాయాన్ని కుట్టకుండా వదిలేయడం మామూలే, ముఖ్యంగా చేతి మీద. కడిగి, కట్టు కట్టి పంపితే రిపేర్ కోడ్ లేదు. అది విజిట్‌లో భాగం. అంటుకునే పట్టీలతో మాత్రమే మూసినా అంతే.

కుడితే చేతికి ఇలా:

- సింపుల్ (ఒకే పొర కుట్టు): 2.5 సెం.మీ. దాకా 12001, 2.6 నుంచి 7.5 దాకా 12002
- ఇంటర్మీడియట్ (పొరలుగా కుట్టు): 2.5 దాకా 12041, 2.6 నుంచి 7.5 దాకా 12042
- కాంప్లెక్స్ (అంతకన్నా క్లిష్టమైన కుట్టు): 1.1 నుంచి 2.5 దాకా 13131, 2.6 నుంచి 7.5 దాకా 13132

సింపుల్‌లో చెయ్యి ఒంటి భాగాలు, కాళ్లు చేతులున్న గుంపులో ఉంటుంది. ఇంటర్మీడియట్‌కి వచ్చేసరికి మెడ, పాదాలున్న గుంపులోకి మారిపోతుంది. అదే ముంజేయి అయితే ఇంటర్మీడియట్‌లో 12031 వరుస. చెయ్యీ ముంజేయీ రెండూ కుట్టినప్పుడు పొడవులు కలపొచ్చా అన్నది ఇక్కడే తేలుతుంది: రెండూ సింపుల్ అయితే కలపాలి, రెండూ ఇంటర్మీడియట్ అయితే కలపకూడదు.

ఒకే పొర కుట్టు వేసినా, గాయంలో మట్టి, చెత్త బాగా ఉండి ఎక్కువసేపు శుభ్రం చేయాల్సి వస్తే లేదా రేణువులు తీస్తే అది ఇంటర్మీడియట్. "నార్మల్ సెలైన్‌తో కడిగాం" అన్న ఒక్క వాక్యం దీనికి చాలదు.

డీబ్రైడ్‌మెంట్ (చచ్చిన, కలుషితమైన కండను తీసేయడం) మామూలుగా రిపేర్‌లో కలిసే ఉంటుంది. చచ్చిన కండ గణనీయంగా తీస్తే, బాగా కలుషితమై చాలాసేపు శుభ్రం చేయాల్సి వస్తే, లేదా గాయాన్ని వెంటనే మూయకపోతేనే విడిగా వేయొచ్చు. అప్పుడు కూడా ఏ పొర దాకా తీశారు, ఎన్ని చదరపు సెంటీమీటర్లు అన్నవి రాసి ఉండాలి. కుట్టే ముందు వేలికి ఇచ్చిన మత్తు ఇంజెక్షన్‌కి అదే డాక్టర్ విడిగా బిల్ చేయరు.

గోరు కింది భాగం కుడితే 11760, టెండన్ తొడుగు తెరిచి చీము తీస్తే 26020. ఇలాంటి వాటికి వేలి మోడిఫయర్లు వేయాలి: ఎఫ్ఎ ఎడమ బొటనవేలు, ఎఫ్1 నుంచి ఎఫ్4 ఎడమచేతి మిగతా వేళ్లు, ఎఫ్5 కుడి బొటనవేలు, ఎఫ్6 నుంచి ఎఫ్9 కుడిచేతి మిగతా వేళ్లు.

11. ఒక చార్ట్ మొదటి నుంచి చివరిదాకా

ఇది నేను కల్పించిన నోట్. 42 ఏళ్ల మహిళ. సొంత ఇంటి పెరట్లో రెండు కుక్కలు కొట్లాడుకుంటుంటే విడదీయబోయింది, తన కుక్కే కరిచింది. ఎడమచేతి వెనకభాగం మీద 3 సెం.మీ. గాయం, చర్మం కింది కొవ్వు దాకా. ఎడమ చూపుడువేలి మెత్తటి భాగంలో అర సెం.మీ. గాటు, గోరు బాగుంది. టెండన్లు పనిచేస్తున్నాయి, స్పర్శ ఉంది. ఎక్స్‌రే మూడు వ్యూలు, ఎముక విరగలేదు. గాయం నిండా మట్టి, లీటర్ సెలైన్‌తో కడిగి, రేణువులు ఒక్కొక్కటే తీసి, 3 సెం.మీ. గాయానికి ఒక పొర నైలాన్ కుట్లు. వేలి గాటు తెరిచే వదిలారు. టీడాప్ ఇచ్చారు. కుక్కకు టీకాలు వేసి ఉన్నాయి.

బొమ్మ మీద రెండు చుక్కలు: ఎడమచేతి వెనక 3, ఎడమ చూపుడువేలు 0.5.

- ఎస్61.452ఎ: ఎడమచెయ్యి
- ఎస్61.251ఎ: ఎడమ చూపుడువేలు. పైన ఎడమకి 2, ఇక్కడ ఎడమకి 1, గమనించారా?
- జెడ్23
- డబ్ల్యూ54.0ఎక్స్ఎక్స్ఎ, వై92.017
- 12042. "రేణువులు తీశాం" అన్న మాట లేకపోయుంటే 12002.
- 90715, 90471. గాయం కోడ్‌కి లింక్ చేశాం.
- విజిట్ కోడ్, మోడిఫయర్ 25. ఎమర్జెన్సీలో 2023 నుంచి లెవల్ వైద్య నిర్ణయ క్లిష్టతను బట్టే.
- 73130: ఎక్స్‌రే చదివిన డాక్టర్ వైపు మోడిఫయర్ 26 తో (చదివిన పనికి మాత్రమే అని చెప్పే గుర్తు).

వేయనివి: జెడ్20.3 లేదు. వేలి గాటుకి రిపేర్ లేదు, దాని అర సెంటీమీటర్‌ని 3 కి కలపనూ లేదు. డీబ్రైడ్‌మెంట్ లేదు, ఎందుకంటే ఆ శుభ్రత ఇంటర్మీడియట్ అవడానికే ఖర్చయింది.

12. డాక్టర్ల చేత రాయించుకోవాల్సినవి

వీలుంటే ఈ జాబితాను ఎమర్జెన్సీ టెంప్లేట్‌లో పెట్టించండి. ప్రతి చార్టుకీ క్వెరీ పెట్టే కన్నా ఒకసారి టెంప్లేట్ మార్చడం తేలిక.

- ఏ చెయ్యి వాటం, ఏ చెయ్యి గాయం
- వేలి పేరు (నంబర్ వద్దు), గోరు పరిస్థితి
- ప్రతి గాయానికీ విడిగా పొడవు, ఏ పొర దాకా దిగింది
- టెండన్, స్పర్శ, రక్తప్రసరణ: చూసిందీ, తేలిందీ
- ఎవరు కరిచారు, ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తుండగా
- జంతువు టీకాల సంగతి, రేబిస్ మందుపై నిర్ణయం, కారణం
- ఇన్ఫెక్షన్ ఉంటే దాని పేరు
- మూశారా, తెరిచి వదిలారా. మూస్తే ఎన్ని పొరలు

13. ఆడిట్‌లో దొరికేవి, దిద్దుకునే తీరు

*వేలి గాయానికి చేతి కోడ్.* డయాగ్నోసిస్ మాట నమ్మడం వల్ల. పరీక్ష భాగం నుంచి మొదలుపెట్టండి.

*చివర 9.* వైపు తెలియదన్న కోడ్. పేయర్లు దీన్ని తిప్పి పంపుతారు. నర్సు నోట్ చూడండి, ఎక్స్‌రే రిపోర్ట్ మీద "లెఫ్ట్ హ్యాండ్" అని ఉంటుంది.

*కుట్లు విప్పిన రోజు కూడా ఎ.* పాత విజిట్‌ని కాపీ చేయడం వల్ల. గాయం కోడ్‌నీ, కారణం కోడ్‌నీ రెండింటినీ డికి మార్చండి, వై92 తీసేయండి.

*విరిగిన ఎముక పక్కన ఎస్61.* రెండూ ఒకే చోటైతే ఎస్61 తీసేయండి. వేర్వేరు వేళ్ల మీదైతే రెండూ ఉండాలి, అప్పుడు ఎడిట్ (సిస్టమ్ తనిఖీ) అడ్డుపడినా చార్ట్ చూపించి అప్పీల్ చేయొచ్చు.

*ప్రతి మనిషి కాటూ దాడే.* డేకేర్‌లో పిల్లాడు కరిస్తే అది దాడి కాదు. రాసి లేనిది ఊహించకండి.

14. సబ్‌మిట్ నొక్కే ముందు

- బొమ్మ మీద ఎన్ని చుక్కలున్నాయో అన్ని చోట్లకీ కోడ్ ఉందా
- చేతికి 1 కుడి, వేలికి 1 ఎడమ: మళ్లీ చూశారా
- ఏడో అక్షరం ఏడో స్థానంలోనే ఉందా
- టెండన్, నరం, ఎముక గురించి ప్రొసీజర్ నోటులో ఉన్నది కోడ్‌లలోకి వచ్చిందా
- ఇన్ఫెక్షన్ పేరు డాక్టర్ రాసిందేనా
- రిపేర్ పొడవులో తెరిచి వదిలిన గాయం కలిసిపోలేదు కదా
- గ్లోబులిన్‌కి 96372, టీకాకి 90471
- ప్రతి ప్రొసీజర్‌కీ సరైన డయాగ్నోసిస్ పాయింట్ అయిందా
- క్వెరీ పెండింగ్‌లో ఉంటే చార్ట్ హోల్డ్‌లోనే ఉందా